రంగు లేని మార్కరు ధర

డెబ్బై రెండు రంగుల పెట్టె
గాజు బీరువాలో పై అరలో ఉంటుంది.
వారానికోసారి దించి దుమ్ము తుడవడమే గాని
రెండేళ్ళలో ఒక్కటీ అమ్మలేదు నేను.

ఇసోజి గారు వచ్చిన రోజు
హకొదతెలో మంచు అడ్డంగా కురుస్తోంది.
టోపీ దులిపి, బూట్లు దులిపి,
ఇంకా ఏదో దులుపుకోవాలన్నట్టు
గుమ్మంలోనే కాసేపు నిలబడ్డారు.

"నీళ్ళు పడ్డా చెదరవట కదా, ఆల్కహాల్ మార్కర్లు?
నాకు పడవ గీయాలి."
గల్లా మీద టీ డబ్బా బోర్లించారు.
ఆయన ఒకసారి లెక్కపెట్టారు, నేను ఒకసారి.
రెండు వేల మూడు వందల యెన్లు.
ఒక్కో మార్కరు మూడు వందల ఎనభై.
ఆరొస్తాయి. పైన ఇరవై.

చెయ్యి నేరుగా ఎరుపు మీదికి వెళ్ళింది.
కొత్తవాళ్ళందరి చెయ్యీ అటే వెళ్తుంది.
నాకు తెలిసిన పాఠం అప్పజెప్పాను:
మూత రంగు నమ్మకండి, అది పెళ్ళిచూపుల మొహం.
కాగితం మీద గీసి, ఆరనిచ్చి, అప్పుడు చూడండి.
పక్కపక్క నంబర్లు కొనకండి.
బూడిద రంగులో ఒకటి, నాలుగు, ఏడు చాలు.
ఆరాక మళ్ళీ పూస్తే ఒక మెట్టు ముదురుతుంది,
మధ్యవి మీ చేతిలోనే పుడతాయి.

ఆయన ఎరుపును దాని గూట్లో పెట్టేశారు,
మాట్లాడకుండా.

బూడిదలు మూడు. రాత్రికి ముదురు నీలం ఒకటి.
తుప్పు రంగు ఒకటి.
స్క్విడ్ పడవ అంటే దీపాలుంటాయిగా అని
నేను పసుపు తీసి చూపించాను.
"దీపానికి రంగెందుకమ్మా?
చూస్తే కళ్ళు పోయేంత తెలుపు అది.
చుట్టూ రాత్రి పూస్తే అదే వెలుగుతుంది."
తెలుపు మేం అమ్మం, నిజమే.
కాగితం ఊరికే ఇస్తుంది.

ఆరోది రంగు లేనిది.
"ఇందులో ఏముంది?"
ఏమీ లేదు, ఉత్త ఆల్కహాల్.
"ఏమీ లేనిదానికీ మూడు వందల ఎనభయ్యేనా?"
నవ్వాపుకుంటూ గీసి చూపించాను.
తడి అంచు కరిగి, వెనక్కి జరిగి,
గీత ఎక్కడ ఆగిందో తెలియకుండా పోయింది.
ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని వంగి చూశారు.
"మే నెల పొగమంచు," అన్నారు. "ఇచ్చెయ్."

సిరా వెనక్కి దిగకుండా ఉండే మందం కాగితం
కత్తిరింపులు నాలుగు కొసరు వేశాను.
పడవ ఇప్పుడు ఏ రేవులో ఉందండీ అని అడిగాను.
"ముక్కల్లో ఉంది.
నవంబరులో కాటాకేసి కొన్నారు."
ఇరవై యెన్లు పళ్ళెంలోనే వదిలేసి
ట్రాము కోసం పరుగెత్తారు.

ఫిబ్రవరి చివర మళ్ళీ వచ్చారు.
కోటు లోపలి నుంచి కాగితం తీసి,
మొదట నామీద ఫిర్యాదు:
"తుప్పు ఇంత సంతోషంగా ఉండదు.
కింద నాలుగో బూడిద పూసి, దాని మీద వేస్తే గాని
మాట వినలేదు."
చూశాను.
తాళ్ళు వంకరగా ఉన్నాయి, చక్రం పెద్దదైపోయింది.
దీపాల వరస మాత్రం
కాసేపు చూడలేకపోయాను.
పడవ అడుగున, నీటిగీత కింద,
జానెడు మేర ఖాళీగా ఉంది.

"ఇది అయిపోలేదా?" అన్నాను.
టీ డబ్బా బోర్లించారు. మూడు వందల అరవై.
పళ్ళెంలో నేను తీసి దాచిన ఇరవై కలిపాను.

"పడవకి అడుగున ఎరుపు వేస్తాం," అన్నారు,
"నాచు, నత్తలు పట్టకుండా.
నీళ్ళలో ఉన్నన్నాళ్ళూ ఎవరికీ కనపడదు.
ఏడాదికోసారి ఒడ్డుకి లాగినప్పుడు
నేనూ మా ఆవిడా గీకి మళ్ళీ పూసేవాళ్ళం."

గూట్లోంచి ఎరుపు తీసి ఇచ్చాను.
మూత రంగు నమ్మొద్దని
నోటిదాకా వచ్చింది.
కత్తిరింపు కాగితం ముందుకు జరిపి
ఊరుకున్నాను.